బోర్డునకు కెమెరా కనబడనియెడల చేయవలసిన పరీక్షలు

ప్రత్తి సాగుచేయు రైతులు గులాబిరంగు కాయతొలుచు పురుగు రాకను కనిపెట్టుటకై లింగాకర్షక బుట్టలను పొలమున కట్టుదురు. విత్తిన 45 దినములనుండి ఎకరమునకు 2 బుట్టల చొప్పున ఉంచి, వానిలో పడిన రెక్కల పురుగులను ప్రతిదినము లెక్కింపవలెను. ఒక్కొక్క బుట్టలో రాత్రికి 8 పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడినయెడల, సస్యరక్షణకు పూనుకొనవలసిన సమయము వచ్చినదని నిర్ణయము. ఇందు "వరుసగా" అను మాట ముఖ్యమైనది. నడుమ నొక రాత్రి లెక్క తప్పిన యెడల, మూడు రాత్రుల గణనము చెడిపోవును.

పొలము దూరముగా నున్న సభ్యులు కొందఱు ఇటీవల బుట్టలోని జిగురు అట్టకు ఎదురుగా కెమెరాగల చిన్న బోర్డు నమర్చి, ఉదయముననే ఇంటియొద్ద పురుగుల చిత్రమును చూచుకొనుచున్నారు. ఏర్పాటు మంచిదే. కాని యొకనాడు చిత్రము రాదు. బోర్డును ఇంటికి తెచ్చి కంప్యూటరునకు తగిలించి చూడగా "కెమెరా కనబడలేదు" అను అర్థముగల సందేశము వచ్చును. అంతట కెమెరా చెడినదని తలచి క్రొత్తది కొందురు. క్రొత్తదియు కనబడదు. అప్పుడు బోర్డును కొందురు. రోగ మొకటి, మందొకటి యైనట్లు ధనము పోవును, లోపము మాత్రము నిలిచియుండును.

కెమెరా కనబడలేదని బోర్డు చెప్పినంతమాత్రమున కెమెరా చెడినదని నిర్ధారణ చేయరాదు. క్రొత్త సామాను కొనుటకుముందు ఖర్చులేని పరీక్షలు కొన్ని కలవు. వానిని క్రమము తప్పక చేయు విధమును ఈ క్రింద వివరించుచున్నాను.

బోర్డు కెమెరాను కనుగొను విధము

ఇచట చెప్పబడునది ఏఐ థింకర్ వారి ఈఎస్‌పీ32-క్యామ్ అను బోర్డును, దానికి సాధారణముగా తగిలించు ఓవీ2640 అను కెమెరాను గూర్చి. బోర్డు పొడవు 40.5 మిల్లీమీటర్లు, వెడల్పు 27 మిల్లీమీటర్లు, అగ్గిపెట్టెకంటె చిన్నది. కెమెరా గరిష్ఠముగా అడ్డమున 1600, నిలువున 1200 చుక్కలుగల చిత్రమును తీయును. ఈ రెంటికిని నడుమ 24 సన్నని తీగలుగల రిబ్బను కలదు.

విద్యుత్తు తగిలి ప్రోగ్రాము మొదలుకాగానే, బోర్డుపైనున్న ప్రధానమైన చిప్పు నాలుగు పనులను వరుసగా చేయును. మొదటిది, 0వ సంఖ్యగల పిన్నుద్వారా కెమెరాకు గడియారపు స్పందనలను పంపుట. ఇవి సాధారణముగా సెకనుకు 2 కోట్లు, అనగా 20 మెగాహెర్ట్‌జులు. ఈ స్పందనలు అందనిదే కెమెరా పలుకజాలదు. రెండవది, 32వ పిన్నుద్వారా కెమెరాను నిద్రనుండి మేల్కొలుపుట. మూడవది, 26, 27 సంఖ్యలుగల రెండు తీగలపై కెమెరాను దాని చిరునామాతో పిలుచుట. ఓవీ2640 చిరునామా 0ఎక్స్30. నాలుగవది, బదులు వచ్చినయెడల దాని గుర్తింపు సంఖ్య నడిగి తన జాబితాతో సరిచూచుకొనుట. ఓవీ2640 చెప్పవలసిన సంఖ్య 0ఎక్స్26.

ఇది తలారి యొక యింటిముందు నిలిచి పేరుపెట్టి పిలిచినట్లు ఉండును. లోనివాడు పలుకకపోవుటకు కారణములు పెక్కులుండవచ్చును. ఆకలిచే నీరసించి యుండవచ్చును. ఇది విద్యుత్తు చాలకపోవుట. తలుపు మూసియుండి పిలుపు వినబడకపోవచ్చును. ఇది రిబ్బను సరిగా తగులకపోవుట. తలారి వేఱొక వీధిలో నిలిచి పిలుచుచుండవచ్చును. ఇది ప్రోగ్రామునందు బోర్డు పేరు తప్పుట. ఈ మూడును విచారించిన పిమ్మటగాని ఇంటివాడు మరణించెనని చెప్పరాదు.

మొట్టమొదట సందేశమును చదువవలెను

కంప్యూటరునందలి సీరియల్ మానిటరును తెఱచి, వేగమును ప్రోగ్రాములో వ్రాసియున్న సంఖ్యకు, సాధారణముగా 115200కు, ఉంచి, బోర్డుమీది రీసెట్ బొత్తామును నొక్కవలెను. అర్థములేని గుర్తులే వచ్చుచున్నయెడల వేగపు సంఖ్య సరిపోలేదని తెలియవలెను. సరియైన అక్షరములు వచ్చినప్పుడు ఈ క్రింది భేదములను గమనింపవలెను.

1. "వెయిటింగ్ ఫర్ డౌన్‌లోడ్" అని వచ్చినయెడల, ప్రోగ్రాము ఎక్కించునప్పుడు 0వ పిన్నును గ్రౌండుతో కలిపిన తీగ ఇంకను తీయబడలేదు. ప్రోగ్రామే నడచుటలేదు గనుక కెమెరా ప్రసక్తియే లేదు. ఆ తీగను తీసి మఱల రీసెట్ నొక్కవలెను.

2. "బ్రౌన్‌ఔట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అని వచ్చి బోర్డు మాటిమాటికి మొదటినుండి ప్రారంభమగుచున్నయెడల, విద్యుత్తు చాలుటలేదు.

3. 0ఎక్స్105 అను సంఖ్య వచ్చినయెడల, పిలుపునకు ఎవరును పలుకలేదని యర్థము. పాత ప్రోగ్రాములలో ఇదియే 0ఎక్స్20001గా కనబడును. సభ్యులు తఱుచుగా చూచునది ఇదియే.

4. 0ఎక్స్106, లేక పాత ప్రోగ్రాములలో 0ఎక్స్20004 వచ్చినయెడల, ఎవరో పలికిరి గాని చెప్పిన గుర్తింపు జాబితాలో లేదు. కెమెరా వేఱు రకముదై యుండవచ్చును. లేదా రిబ్బను వదులై సంఖ్య తప్పుగా చదువబడి యుండవచ్చును.

5. "ఫ్రేమ్ బఫర్ మాలాక్ ఫెయిల్డ్" అని వచ్చినయెడల, కెమెరా కనబడినది. చిత్రము నుంచుటకు జ్ఞాపకస్థలము మాత్రము చాలలేదు. ప్రోగ్రాము ఎక్కించు సాధనములో పీఎస్‌ర్యామ్ అను నదనపు జ్ఞాపకమును అనుమతించితిమా అని చూడవలెను. లేదా చిత్రపు పరిమాణమును తగ్గింపవలెను.

చిత్రము వచ్చి అది మసకగానో చీకటిగానో యున్నయెడల ఈ వ్యాసముతో పనిలేదు. కెమెరా పలుకుచున్నది, అద్దమును, వెలుతురును మాత్రము సరిచేయవలెను.

మొదటి పరీక్ష: విద్యుత్తు

ఈ బోర్డునకు 5 వోల్టుల పిన్నుద్వారా విద్యుత్తు నీయవలెను. కొందఱు ప్రోగ్రాము ఎక్కించు చిన్న యడాప్టరునందలి 3.3 వోల్టుల పిన్నునుండి ఇత్తురు. ఆ పిన్ను ఇంత భారమునకు చాలదు. తయారీదారుల లెక్కప్రకారము దీపము వెలుగనప్పుడు 180 మిల్లీ ఆంపియర్లు, దీపము పూర్తిగా వెలిగినప్పుడు 310 మిల్లీ ఆంపియర్లు కావలసియుండును. వైర్‌లెస్ ద్వారా చిత్రమును పంపు క్షణములలో ఇంతకుమించి లాగుకొనును. కావున 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఈయగల మంచి చార్జరు నుపయోగింపవలెను.

చార్జరు మంచిదైనను తీగ చెడ్డదగుటచే కొందఱు మోసపోవుదురు. సన్నని పొడుగు తీగ విద్యుత్తును దారిలోనే తినివేయును. తీగ నిరోధము 1 ఓమ్ అయి, ప్రవాహము అర ఆంపియరైనయెడల, అర వోల్టు దారిలోనే నష్టమగును; 5 వోల్టులకు 4.5 మాత్రమే బోర్డును చేరును. బోర్డుమీద 5 వోల్టులను 3.3గా తగ్గించు భాగము తాను పనిచేయుటకు 1.3 వోల్టులవఱకు మిగులు కోరును. అనగా 4.6 వోల్టులకు తగ్గినచో భారము హెచ్చిన క్షణమున అది నిలువజాలదు.

కాబట్టి మల్టీమీటరుతో కొలుచునప్పుడు చార్జరుయొద్ద కొలువరాదు. బోర్డు పనిచేయుచుండగా, దాని 5 వోల్టుల పిన్నునకును గ్రౌండు పిన్నునకును నడుమ కొలువవలెను. కాలువ తూమువద్ద నీరు నిండుగా నున్నంతమాత్రమున చివరి మడికి నీరందినదని చెప్పలేము గదా. కొలత 4.8కి తగ్గినయెడల తీగను పొట్టిదిగాను లావైనదిగాను మార్చవలెను. బోర్డుయొద్దనే 5 వోల్టుల పిన్నునకును గ్రౌండునకును నడుమ 470 మైక్రోఫారడుల కెపాసిటరును తగిలించుట క్షణికమైన లోటును తీర్చును. దానికి ధన, ఋణ కాళ్లు కలవు. తలక్రిందులుగా పెట్టినయెడల అది పగులవచ్చును గనుక జాగ్రత్త వహింపవలెను.

విద్యుత్తు తగ్గినప్పుడు హెచ్చరించు బ్రౌన్‌ఔట్ ఏర్పాటును ప్రోగ్రాములోనే ఆపివేయుడని కొందఱు సలహా యిత్తురు. అది పశువుల కొట్టమున కావలికుక్క మొఱుగుచున్నదని కుక్కను తఱిమివేయుటవంటిది. మొఱుగుట నిలుచును, దొంగ మాత్రము లోపలనే యుండును.

రెండవ పరీక్ష: రిబ్బను

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. వదులైన రిబ్బను అట్టిది. చూపునకు తగిలియున్నట్లే యుండును. దీని తీగలకు నడుమ దూరము అర మిల్లీమీటరు మాత్రమే. వెండ్రుకవాసి వంకర యుండినను ఒక తీగ ప్రక్కదానిపై పడును.

ముందుగా విద్యుత్తును పూర్తిగా తీసివేయవలెను. విద్యుత్తు ఉండగా కెమెరాను తీయుట, పెట్టుట ఎన్నటికిని చేయరాదు. సాకెట్టుమీది నల్లని చిన్న రెక్కను గోటితో మెల్లగా పైకెత్తవలెను. రిబ్బనును తీసి, దాని చివరనున్న బంగారురంగు గీతలను మంచి వెలుతురున చూడవలెను. మురికి యున్నయెడల పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి పొడి గుడ్డతో దులుపవలెను. నీరును, ఇసుకకాగితమును తగులనీయరాదు. గీతలు చినిగియున్నను, రిబ్బను మడతవద్ద విఱిగియున్నను ఆ కెమెరా పనికిరాదు.

పిమ్మట కెమెరా కన్ను పైకి చూచునట్లు, అనగా బోర్డునుండి వెలుపలికి చూచునట్లు, రిబ్బనును తిన్నగా చివరికంట దూర్చవలెను. రెండు అంచులును సాకెట్టుతో సమానముగా నున్నవా అని చూచి నల్లని రెక్కను దింపి నొక్కవలెను. రెక్క దింపక రిబ్బనును దూర్చి వదలుట సభ్యులలో మిక్కిలి సామాన్యమైన పొరపాటు.

విద్యుత్తు ఇచ్చిన తరువాత కెమెరా కొంచెము వెచ్చబడుట సహజము. వ్రేలు పెట్టలేనంత వేడెక్కినయెడల వెంటనే విద్యుత్తు తీసివేసి, రిబ్బనును మఱల పరీక్షింపవలెను.

మూడవ పరీక్ష: ప్రోగ్రామునందు బోర్డు పేరు

కెమెరా ప్రోగ్రాము అనేక రకముల బోర్డులకు ఒక్కటియే. అందుచే దానియందు బోర్డుల పేర్లు వరుసగా వ్రాయబడి, ఒక్క పేరు తప్ప తక్కిన వాని ముందు రెండేసి వాలుగీతలు గీయబడి యుండును. వాలుగీతలుగల పంక్తిని యంత్రము చదువదు. నమూనా ప్రోగ్రాములో తఱుచుగా వేఱొక బోర్డు పేరు తెఱచియుండును. మన బోర్డునకు "కెమెరా మోడల్ ఏఐ థింకర్" అను పంక్తిని తెఱచి, తక్కినవాని నన్నింటిని మూయవలెను.

ఇంత చిన్న మార్పువలన ఏమగునని సందేహింపవచ్చును. ఉదాహరణమునకు వ్రోవర్ కిట్ అను బోర్డు పేరు తెఱచియున్నదనుకొందము. ఆ బోర్డులో కెమెరాను పిలుచు తీగలు మన బోర్డులో వలెనే 26, 27. కాని గడియారపు స్పందనలు 21వ పిన్నుద్వారా పోవును. మేల్కొలుపు పిన్ను లేనేలేదు. ఆ పేరుతో మన బోర్డును నడిపినయెడల, 0వ పిన్నుకు పోవలసిన స్పందనలు 21కి పోవును, 32వ పిన్నును ఎవరును కదలింపరు. కెమెరా, బోర్డు, విద్యుత్తు, రిబ్బను అన్నియు బాగుండియు పిలుపునకు పలుకువారుండరు. సరిగా ఆ 0ఎక్స్105 సంఖ్యయే వచ్చును. క్రొత్త కెమెరా కొన్నను ఫలితము మాఱదు.

వేఱు సంస్థలవారు చేసిన బోర్డులు చూపునకు ఇట్లే యుండినను పిన్నుల సంఖ్యలు వేఱుగా నుండవచ్చును. కొనునప్పుడే బోర్డు పేరును పిన్నుల పట్టికను అడిగి వ్రాయించుకొనవలెను.

నాలుగవ పరీక్ష: ప్రక్కన తగిలించిన సామాను

ఒకే బోర్డునకు నేల తేమను కొలుచు సాధనమును, బొత్తామును, మోటారు రిలేను కూడ తగిలించువారున్నారు. 0వ పిన్నునకు ఏదేని తగిలించినచో గడియారపు స్పందనలకు అడ్డము తగులును. 16వ పిన్ను అదనపు జ్ఞాపకమునకు చెందినది. దానిని తాకినచో జ్ఞాపకము చెడును. 12వ పిన్నునందు మొదలగు సమయమున విద్యుత్తు హెచ్చుగా నున్నయెడల బోర్డు మొదలే కాకపోవచ్చును. 4వ పిన్ను దీపమునకును మెమరీ కార్డునకును ఉమ్మడి. కావున అన్నింటిని ఊడదీసి, కార్డును కూడ తీసి, కెమెరా నొక్కదానినే ఉంచి చూడవలెను. అప్పుడు కనబడినయెడల తక్కినవానిని ఒక్కొక్కటిగా కలుపుచు, ఏది చేరినప్పుడు తప్పుచున్నదో కనిపెట్టవలెను. రెండు మార్పులను ఒక్కసారి చేసినవానికి దేనివలన బాగైనదో ఎన్నటికిని తెలియదు.

రీసెట్ బొత్తామును గూర్చి యొక మాట. అది ప్రధానమైన చిప్పును మాత్రమే మొదటికి తెచ్చును. ఈ బోర్డులో కెమెరా రీసెట్ తీగ చిప్పుయొక్క ఏ పిన్నునకును కలుపబడలేదు. మొండిపట్టు పట్టిన కెమెరా అట్లే యుండవచ్చును. కావున ప్రతి పరీక్షకును విద్యుత్తును పూర్తిగా తీసి, పది సెకనులు ఆగి మఱల ఈయవలెను.

ఐదవ పరీక్ష: మార్పిడి

పై నాలుగు పరీక్షలును చేసి ఫలము లేనప్పుడు, బాగుగా పనిచేయుచున్న మఱియొక జతను తెచ్చుకొనవలెను. అనుమానపు బోర్డులో 3.3 వోల్టుల పిన్నుయొద్ద 3.3 వోల్టులే యున్నవని కొలిచిన పిమ్మటనే మంచి కెమెరాను దానికి తగిలింపవలెను.

అనుమానపు కెమెరా మంచి బోర్డుపై పలికినచో కెమెరా మంచిదే. లోపము బోర్డులోనో, దాని సాకెట్టులోనో ఉన్నది. బోర్డుమీద కెమెరా కొఱకే 2.8 వోల్టులను, 1.2 వోల్టులను ఇచ్చు రెండు చిన్న భాగములు కలవు. ఇవి చెడినయెడల చిప్పు మామూలుగా పనిచేయుచునే యుండును, కెమెరా మాత్రము పలుకదు. ఇక అనుమానపు కెమెరా మంచి బోర్డుపై పలుకక, మంచి కెమెరా అనుమానపు బోర్డుపై పలికినచో, అప్పుడు కెమెరా చెడినదని నిస్సంశయముగా చెప్పి క్రొత్తది కొనవచ్చును.

ఇంటియొద్ద పలికి పొలమున పలుకనియెడల

ఇట్టి సందర్భమున బోర్డు మీదను కెమెరా మీదను అనుమానము తగ్గించి, పొలమున వేఱుగా నున్నదేదో విచారింపవలెను. సాధారణముగా వేఱుగా నుండునవి మూడు: బ్యాటరీ, వేడి, తేమ. 12 వోల్టుల బ్యాటరీనుండి 5 వోల్టులకు తగ్గించు సాధనమును భారముతో కొలువవలెను. తెల్లవాఱుజామున బ్యాటరీ నీరసించియుండును గనుక ఆ వేళనే కొలుచుట మేలు. పెట్టెను నీడపట్టున ఉంచి, గాలి రంధ్రములను క్రిందివైపున పెట్టవలెను. మంచు పడు దినములలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లమును లోనుంచవలెను. అప్పుడప్పుడు మాత్రమే తప్పుచున్నయెడల, ప్రోగ్రామునందు గడియారపు వేగమును 20 నుండి 10 మెగాహెర్ట్‌జులకు తగ్గించి చూడవచ్చును.

ప్రోగ్రామునందు ఇంకొక యేర్పాటు తప్పక చేయింపవలెను. కెమెరా మూడుసార్లు పిలిచినను పలుకనియెడల, "కెమెరా లేదు" అను వార్తను బోర్డు రైతునకు పంపవలెను. ఏలయన, చిత్రము రాని రాత్రిని పురుగులు పడని రాత్రిగా లెక్కించుటకంటె పెద్ద నష్టము లేదు. మొదటి రాత్రి 9, రెండవ రాత్రి చిత్రము లేదు, మూడవ రాత్రి 10 అని యుండగా, నడిమి రాత్రికి సున్న వ్రాసికొన్న రైతు నిశ్చింతగా నుండును. పురుగు మాత్రము కాయలోనికి ప్రవేశించును. కాయలో దూరిన పురుగును ఏ మందును చేరలేదు. చిత్రము రాని యుదయమున నడిచిపోయి బుట్టను కంటితో చూడవలెను. బోర్డు బాగగువఱకు ఈ నడక తప్పదు.

సంఘము చేయదగినది

మార్పిడి పరీక్షకు మంచి జత యొకటి కావలెనని పైన చెప్పితిని. ఒంటి రైతు దీనికై రెండవ జతను కొనుట భారము. సంఘము ఒక్క జతను, పొట్టి లావు తీగను, 2 ఆంపియర్ల చార్జరును, మల్టీమీటరును కొని కార్యాలయమున ఉంచినచో సభ్యులందఱకును చాలును. ఆ జతను పొలమునకు ఈయరాదు. పరీక్షకు మాత్రమే వాడవలెను.

దానితోకూడ ఒక పుస్తకము నుంచి, తేది, బోర్డు పేరు, వచ్చిన సందేశపు సంఖ్య, బోర్డుయొద్ద కొలిచిన వోల్టులు, ఏ మార్పుచే బాగైనది, అను ఐదు గడులలో వ్రాయించవలెను. ఒకరికి దొరికిన నివారణ తక్కినవారికి ఖర్చులేక అందును. ప్రత్తి విత్తిన దినమునుండి బుట్టలు కట్టు దినమునకు నడుమ ఆఱు వారములకు పైగా వ్యవధి కలదు. సభ్యులు ఆ వ్యవధిలోనే తమ బోర్డులను సంఘ కార్యాలయమునకు తెచ్చి, ఈ ఐదు పరీక్షలను చేయించుకొని, పిమ్మటనే పొలమున కట్టవలెనని కోరుచున్నాను.